చివరి షెడ్డులో ఎవరూ అడగరు

మా ఎయిర్‌ఫీల్డ్‌లో చివరి షెడ్డుకి చెడ్డపేరు ఉంది. మిగతా షెడ్డుల్లో ఏం వాగినా ఫరవాలేదు. అందులో మాత్రం, ముఖ్యంగా ఒంటరిగా ఉన్నప్పుడు, విమానం ముక్కు దగ్గర నిలబడి "ఆపేశావా?" అని అడక్కూడదు.

అడిగితే... జవాబు వస్తుందట.

ఈ ప్రశ్న సంగతి ముందు చెప్పాలి. మా దగ్గరున్నవన్నీ యాక్ అనే పాత రష్యన్ విమానాలు. సోవియట్ కాలంలో కుర్రాళ్ళకి విమానం నేర్పడానికి చేసినవి. మా లిథువేనియా సోవియట్ నుంచి విడిపోయాక అవి మాలాంటి పిచ్చివాళ్ళ చేతిలో పడ్డాయి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొనుక్కుంటాం, సెలవురోజంతా దాని కింద నూనెలో పొర్లుతాం, ఆపైన ఏ అరగంటో ఆకాశంలో పల్టీలు కొట్టి వస్తాం. అత్తగారికైనా అంత సేవ చెయ్యం.

దాని ఇంజనుకి సిలిండర్లు చుట్టూరా గుండ్రంగా ఉంటాయి. ఆగి ఉన్నప్పుడు నూనె జారి అడుగు సిలిండర్లలో చేరుతుంది. అలాగే స్టార్ట్ చేశామా, ఇంజను ముక్కలే. అందుకని ముందు ఒకడు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పి ఆ నూనె కక్కించాలి. ఆ సమయంలో లోపల ఇగ్నిషన్ స్విచ్చు ఆపి ఉండాలి. ఆపకపోతే, తిప్పిన చెయ్యే ఇంజన్ని నిద్రలేపుతుంది. తర్వాత ఆ చెయ్యీ ఉండదు, దాని తాలూకు మనిషీ ఉండడు.

బయట ఉన్నవాడికి స్విచ్చు కనపడదు. కాబట్టి అడుగుతాడు — "ఆపేశావా?" సీట్లో ఉన్నవాడు స్విచ్చు చూసి చెబుతాడు — "ఆపేశాను." ఆ ఒక్క మాట మీద ప్రాణం పెట్టి ప్రొపెల్లర్ రెక్క పట్టుకుంటాం.

చివరి షెడ్డులో ఉండే యాక్‌కి ఇద్దరు యజమానులు. వితేనిస్, స్కిర్మంతాస్. కిందటి ఏడాది ఎండాకాలంలో ఓ ఆదివారం, ఎగిరి దిగి భోంచేసి వచ్చాక, వితేనిస్ ప్రొపెల్లర్ తిప్పబోయాడు. ఇంజను ఇంకా వేడిగా ఉంది. అది లేచింది. నేను చూడలేదు, చప్పుడు విని పరిగెత్తుకెళ్ళి చూసినవాళ్ళు కూడా చూసింది చెప్పరు.

"నేను లోపల లేను. షెడ్డు వెనక ఫోన్ మాట్లాడుకుంటున్నాను. వాడు తొందరపడి ఒక్కడే పట్టుకున్నాడు. స్విచ్చు చూసుకోలేదు" అన్నాడు స్కిర్మంతాస్.

అందరూ నమ్మారు. నమ్మడం సులువు కదా. పోయినవాడు వచ్చి కాదనడు.

ఆ తర్వాతే పుకారు మొదలైంది. ఆ షెడ్డులో ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుందని ఒకరు... అలవాటుకొద్దీ "ఆపేశావా?" అంటే ఖాళీ సీట్లోంచి గొణుగుడు వచ్చిందని ఇంకొకరు. యాక్‌లో స్టార్టరూ బ్రేకులూ చక్రాలూ అన్నీ గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. ఎక్కడో ఓ సీలు కారుతూనే ఉంటుంది, సుయ్‌మంటూనే ఉంటుంది. అదేనని నేను అన్నాను. అన్నాను గానీ, నేనూ ఆ షెడ్డులో ఆ ప్రశ్న అడగలేదు.

స్కిర్మంతాస్‌కి మాత్రం ఇదో వేడుక. క్లబ్బులో బీరు పొంగించి అనేవాడు — "బతికుండగా అడగడం చేతకానివాడు, చచ్చాక జవాబులు చెబుతున్నాడ్రా!"

నవ్వేవాళ్ళం. ఓసారి అలా నవ్వుతుండగా తలుపు దగ్గర ఆల్దోనా నిలబడి ఉంది, వితేనిస్ భార్య. చేతిలో మా అందరి కోసం తెచ్చిన యాపిల్ కేకు. ఆమె కేకు బల్ల మీద పెట్టి, కత్తి పక్కన పెట్టి, వెళ్ళిపోయింది. సిగ్గులేని జన్మలు, ఆ కేకు కూడా తిన్నాం.

మొగుడి వాటా ఆమెకి వచ్చింది. అమ్మెయ్యమని స్కిర్మంతాస్ ఎంత అడిగినా "ఉండనీ" అనేది. ఎందుకమ్మా నీకీ ఇనుము అని నేనే ఓసారి అడిగాను.

"మా ఇంట్లో బల్బు మార్చాలంటే ఆయన మెట్టుపీట ఎక్కి, తను ఆపిన స్విచ్చే అయినా, ఆపేశావా ఆల్దోనా అని నన్ను అడిగేవాడు" అందామె. "అలాంటి మనిషి ప్రొపెల్లర్ దగ్గర అడక్కుండా చెయ్యి వేశాడంటే నేనెలా నమ్మను? ఆయన అడిగాడా, అడగలేదా? నాకు అదొక్కటే తెలియాలి. తెలిస్తే నిద్రపోతాను."

ఎలా తెలుస్తుంది? ఆ ప్రశ్న విన్నవాడు ఎవడైనా ఉంటే వాడే చెప్పాలి.

జనవరి వచ్చింది. చలికాలం మేం ఎగరం. కానీ వారానికోసారి ప్రొపెల్లర్‌ని చేత్తో కొంచెం తిప్పి ఉంచుతాం, లేకపోతే ఇంజను లోపల తుప్పు పడుతుంది. ఆ పని స్కిర్మంతాస్‌ది. ఓ శనివారం సాయంత్రం వెళ్ళాడు. సాయంత్రమంటే మా దగ్గర అప్పటికే కన్ను పొడుచుకున్నా కనపడదు. రన్‌వే మీద మంచు, షెడ్డు రేకుల మీద గాలి మోత.

తలుపు కాస్త తెరిచి, నుదుటికి లైటు కట్టుకుని లోపలికి వెళ్ళాడు. కరెంటు వేద్దామంటే అక్కడి దీపాలు చలికి వెలగవు. విమానం మీద మందపాటి గుడ్డ కప్పి ఉంది, ఇటువైపు దాని తాళ్ళు మంచుకి బిర్రబిగుసుకుపోయాయి. అది విప్పి, పక్కనున్న విమానం రెక్క మీదికి ఎక్కి, లోపలి స్విచ్చు చూడాలి. పద్ధతి అది.

బద్ధకించాడు. కిందటి వారం తనే ఆపాడు కదా. మధ్యలో ఎవడొస్తాడు, ఈ దెయ్యాల కొంపకి?

ప్రొపెల్లర్ రెక్క రెండు చేతులా పట్టుకున్నాడు. ఎక్కడో సుయ్... మంటోంది. అలవాటైన నోరు ఊరుకోదు. వద్దనుకునేలోపే జారిపోయింది —

"ఆపేశావా?"

గాలి ఒక్క క్షణం ఆగినట్టయింది.

"ఆపేశాను..."

గుడ్డ కిందనుంచి. గుసగుసగా. పక్కనే నిలబడి చెప్పినట్టు.

స్కిర్మంతాస్ చేతులు రెక్కకి అతుక్కుపోయాయి. లైటు వెలుగులో తన ఊపిరే పొగలా కనపడుతోంది. మరి ఎవరిదో ఊపిరి వినపడుతోంది.

"ఎ... ఎవరది?"

గుడ్డ కింద ఊపిరి ఇంకాస్త దగ్గరగా వినపడింది.

"వితేనిస్?"

"ఊఁ..."

స్కిర్మంతాస్ రెక్క పట్టుకుని వేలాడాడు. అప్పుడు ఆ గుసగుస అడిగింది — "ఆ రోజు... అడిగానా?"

"అడిగావు!" అన్నాడు స్కిర్మంతాస్. ఏడుస్తున్నాడు. "అడిగావురా, అడిగావు! నేను లోపలే ఉన్నాను. ఫోన్లో ఉన్నాను. చూడలేదు... ఆపేశానని అనేశాను. ఎప్పుడూ ఆపే ఉంటుంది కదా అనుకున్నాను. నన్ను వదిలెయ్, వితేనిస్, నీ కాళ్ళు పట్టుకుంటాను."

గుడ్డ కదిలింది. అవతలి పక్క, తాళ్ళు విప్పి ఉన్నచోట పైకి లేచింది. దాని కిందనుంచి ఉన్నిటోపీ, దాని కింద ఆల్దోనా ముఖం.

స్కిర్మంతాస్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది, కన్నీళ్ళతోనే నవ్వాడు. "నువ్వా! దేవుడా... దెయ్యమనుకుని చచ్చాను కదే! ఇదేం సరసం ఆల్దోనా? గుండె ఆగిపోతే?"

ఆమె నవ్వలేదు. మధ్యాహ్నం నుంచీ ఆ చలిలో కూర్చుందేమో, పెదాలు నీలంగా ఉన్నాయి.

"తిప్పు" అంది.

"ఏమిటి?"

"తిప్పకుండా వదిలేస్తే లోపల తుప్పు పడుతుంది. వచ్చిన పని చెయ్యి."

"ఉండు, ఆ స్విచ్చు ఒకసారి చూసి—"

"అక్కడే ఉండు." గొంతు పెంచలేదు. "ఆపేశానని చెప్పాను కదా. నువ్వు చెబితే ఆయన నమ్మాడు. నేను చెబితే నువ్వు నమ్మవా?"

"ఆల్దోనా... అది పొరపాటు. చంపాలని కాదు."

"తెలుసు. చంపాలని ఉంటే స్విచ్చు వైపు చూసి ఉండేవాడివి." చేతి తొడుగు తీసి ముక్కు తుడుచుకుంది. "ఇష్టం లేకపోతే మానెయ్. క్లబ్బుకి నడుద్దాం పద. ఇందాక దెయ్యంతో చెప్పింది మనుషులతో చెప్పు."

స్కిర్మంతాస్ తలుపు వైపు చూశాడు. మంచు అవతల క్లబ్బు కిటికీలు పచ్చగా వెలుగుతున్నాయి. పాతికేళ్ళుగా అక్కడ ఆయనే పెద్దమనిషి. వితేనిస్ పేరు మీద ఆయన వేసిన జోకులకి నవ్విన మేమందరం అక్కడే ఉన్నాం. ప్రాణమా, పరువా? ఆ చీకట్లో నిలబడి బేరీజు వేసుకున్నాడు. ఇలాంటివాళ్ళు ఎటు మొగ్గుతారో మీకూ తెలుసు.

రెక్క మీద చేతులు వేశాడు.

"ఆపేశావా?"

"ఆపేశాను."

లాగాడు. లోపల నూనె గుటకలు వేసినట్టు చప్పుడు... రెక్క బరువుగా కదిలి, తిరిగి, ఆగింది. ఏమీ కాలేదు. వెనక్కి గెంతి నేల మీద కూర్చుండిపోయాడు.

"ఇంకా" అందామె.

లేచాడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే జవాబు, అదే గొంతు. లాగిన ప్రతిసారీ కళ్ళు మూసుకుని దేవుణ్ణి పిలిచాడు. మధ్యలో ప్యాంటు తడిసింది, ఆ చలికి అక్కడికక్కడే బిగిసింది. ఆమె చూసింది. చూసి కూడా "ఇంకా" అంది.

చివరికి "చాలు" అని, విమానం మీదనుంచి దిగి, వెనక్కి చూడకుండా మంచులోకి నడిచి వెళ్ళిపోయింది.

స్కిర్మంతాస్ కాసేపు గోడకి చేరగిలపడ్డాడు. తర్వాత పాకుతున్నట్టు విమానం మీదికి ఎక్కాడు. గుడ్డ తొలగించి, తల లోపలికి వంచి, లైటు పడేలా చూశాడు.

స్విచ్చు వేసి ఉంది.

మొదటినుంచీ వేసే ఉంది. ఇంజను రాయిలా చల్లబడి ఉంది కాబట్టి, సిలిండర్లలో పెట్రోలు చుక్క లేదు కాబట్టి అది లేవలేదు. ఏ కాస్త వేడీ, పెట్రోలు ఆవిరీ మిగిలి ఉన్నా మొదటి తిప్పుకే అయిపోయేది.

ఆయన క్లబ్బులోకి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. ముఖం సున్నం కొట్టినట్టుంది, కోటు కిందిదాకా గుండీలు పెట్టుకున్నాడు. "ఏరా, జవాబొచ్చిందా?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

ఆయన నవ్వలేదు. పొయ్యి పక్కన ఆల్దోనా కూర్చుని రాస్ప్‌బెర్రీ జామ్ కలిపిన టీ తాగుతోంది. ఆమె వైపు వేలు చూపించి నోరు తెరిచాడు. స్విచ్చు వేసి ఉంచిందని చెప్పాలనుకున్నాడు. మరి ఎందుకు చూసుకోలేదంటారు. ఎందుకు తిప్పావంటారు. ఆ తర్వాత దెయ్యంతో చెప్పిందంతా బయటపడుతుంది. నోరు మూసుకున్నాడు. ఆ వేలు ఎందుకు చూపించాడో అప్పుడు మాకు తెలియలేదు. చాలా రోజుల తర్వాత ఇదంతా ఆల్దోనాయే నాకు చెప్పింది, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. ఆమె చూడనిది నేను ఊహించి కలుపుకున్నాను. ఇప్పుడు బాగా నిద్ర పడుతోందని కూడా చెప్పింది.

ఆ సాయంత్రం ఆమె ఇంకో గ్లాసులో టీ పోసి ఆయన ముందుకి జరిపింది.

"తాగు స్కిర్మంతాస్, వణుకుతున్నావు. ఇకమీదట నువ్వొక్కడివే కష్టపడొద్దు. ప్రతి శనివారం నేనూ వస్తాను, లోపల కూర్చుంటాను." చెంచాతో జామ్ కలుపుతూ అంది. "ఎండలు వచ్చాక కూడా."