మందు అనకూడని చోట

"మందు ఇక్కడే ఇస్తారా?" అని గట్టిగా అడిగాడు బస్సు డ్రైవర్ యూనిఫాంలో ఉన్న మనిషి, చర్చి నేలమాళిగ మెట్లు ఇంకా పూర్తిగా దిగకుండానే.

వంటగదిలో వరసగా నిలబడ్డ వాళ్ళందరూ చప్పున మాటలాపేశారు. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న విన్నీ కూడా ఆగిపోయింది. కౌంటర్ వెనక ఉన్న లయనెల్ కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఇక్కడ టిఫిన్ మాత్రమే దొరుకుతుందండీ."

"టిఫిన్ తినే వచ్చానండీ."

"అయితే వెళ్ళిరండి."

వచ్చినవాడు లయనెల్‌ని ఎగాదిగా చూసి, ఏదో గొణుక్కుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పది నిమిషాల్లో మళ్ళీ దిగాడు. బయట సిగరెట్ కాలుస్తున్న పుణ్యాత్ముడెవరో సంగతి చెప్పినట్టున్నాడు. ఈసారి టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎంతో వినయంగా నిలబడ్డాడు.

"టిఫిన్ కావాలండీ. ఆకలి దంచేస్తోంది."

విన్నీ ఫక్కున నవ్వింది. లయనెల్‌కి కూడా నవ్వొచ్చింది గానీ, రెండేళ్ళుగా అలవాటు తప్పింది కాబట్టి లోపలే ఉంచుకున్నాడు.

అది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎనభై ఏడో సంవత్సరం. ఎయిడ్స్‌కి ప్రభుత్వం ఒప్పుకున్న మాత్ర అప్పటికి ఒక్కటే ఉంది. అది పడనివాళ్ళు ఏది దొరికితే దాన్ని పట్టుకుంటున్నారు. గుడ్డుసొన కొవ్వుతో చేసిన పసుప్పచ్చటి ముద్ద ఒకటి పనిచేస్తోందని ఎక్కడో ఎవరో అన్నారు. దానికి అనుమతి లేదు. మందని చెప్పి ఇస్తే అధికారులొచ్చి తలుపులకి తాళం వేస్తారు. తిండని చెప్పి ఇస్తే ఎవరూ అడగరు. అందుకని రిటైరైన బడి పంతులమ్మ విన్నీ ఒక కట్టుబాటు పెట్టింది. ఈ వంటగదిలో మందు, డోసు, వైద్యం అన్న మాటలు నోట రాకూడదు. ఎవరన్నా అంటే గిన్నెలు తోమాలి. వారంలో అయిదు రోజులు మందుల షాపులో పనిచేసే లయనెల్‌కి ఆ మాటలు నాలుక చివరే ఉంటాయి. చేరిన మొదటి నెలలో అతను తోమినన్ని గిన్నెలు పుట్టి బుద్ధెరిగాక తోమలేదు.

"పేరు?"

"రూబెన్ ఎస్కొబెడో. ఇరవై తొమ్మిదేళ్ళు. ఇరవై నాలుగో నంబరు బస్సు."

"బస్సు నంబరు నేనడగలేదు."

"ఎప్పుడైనా ఎక్కుతారేమోనని."

లయనెల్ చీటీ మీద పేరు రాసుకుని, ఇంటి చిరునామా అడిగి చేర్చి, గడ్డకట్టిన ముద్ద ఉన్న డబ్బా తీసి ముందు పెట్టాడు. "పరగడుపున రొట్టె మీద రాసుకుని తినండి. తర్వాత రెండు గంటలు నూనె, వెన్న ముట్టకండి."

"ఈ మాట మా అమ్మ వింటే మంచం పడుతుంది. మా ఇంట్లో పందికొవ్వు వెయ్యకుండా పొయ్యి కూడా అంటించరు." డబ్బా అందుకుని కాస్త గొంతు తగ్గించాడు. "ఇది పనిచేస్తుందాండీ?"

"తెలీదు."

"అబద్ధమన్నా చెప్పొచ్చుగా."

"నాకు చేతకాదండీ."

రూబెన్ మొదటిసారి అతన్ని సరిగ్గా చూశాడు. ఆ చూపు ఉండాల్సిన దానికంటే ఒక్క క్షణం ఎక్కువే ఉంది. లయనెల్ చీటీల కట్ట వెతుక్కున్నాడు. అది అతని చేతిలోనే ఉంది.

తర్వాతి శనివారం రూబెన్ కౌంటర్ మీద మోచేతులు ఆనించి అడిగాడు. "రేపు నాతో టిఫిన్‌కి వస్తారా?"

"ఆదివారం ఇవ్వమండీ. శనివారమే." డబ్బా ముందుకి తోశాడు లయనెల్.

పై శనివారం ఇంకాస్త వివరంగా అడిగాడు. "మీరూ నేనూ కలిసి టిఫిన్ చేస్తే బావుంటుందని నా ఉద్దేశం."

"నాకు అవసరం లేదు. పరీక్ష చేయించుకున్నాను, ఏమీ లేదన్నారు."

రూబెన్ మొహంలో నవ్వు కాస్త తగ్గింది. "మంచిదండీ," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ పై వారం పట్టు వదలకుండా, "ఇద్దరికి టిఫిన్," అన్నాడు. లయనెల్ రెండు డబ్బాలిచ్చాడు.

అతను వెళ్ళగానే విన్నీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నీకు నిజంగా అర్థం కావట్లేదా, నాటకమాడుతున్నావా?"

"దేని గురించి?"

"వెళ్ళి గిన్నెలు తోము."

"నేను మందు అనలేదుగా."

"మొద్దులా ఉన్నందుకు తోము."

జులైలో కూడా చలేసే ఆ ఊళ్ళో కోటు లేకుండా తిరిగేవాడు పరాయివాడే. ఆ మధ్యాహ్నం పొగమంచు, తుంపర కలిసి పడుతున్నాయి. రెండిట్లో ఏది ఏదో తేల్చుకోలేక లయనెల్ వచ్చిన బస్సు ఎక్కేశాడు. ఎక్కాక నంబరు చూశాడు. ఇరవై నాలుగు.

"తర్వాతి స్టాపు పద్దెనిమిదో వీధి," అంది మైకు. "దిగేవాళ్ళు దిగొచ్చు. కళ్ళజోడు మీద చినుకులు పడ్డ మందుల షాపాయన మాత్రం దిగకూడదు."

బస్సులో అందరూ అతని కళ్ళజోడు వైపు చూశారు. లయనెల్ గబగబా ముందుకి నడిచాడు.

"మైకు ఆపండి. పరువు పోతోంది."

"ఒక్క సంగతి తేలాక ఆపుతాను. నేను మూడు వారాలుగా మిమ్మల్ని టిఫిన్‌కి పిలుస్తున్నది టిఫిన్‌కేనండీ. కాఫీ, గుడ్లు, రొట్టె. ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఇప్పుడైనా అర్థమైందా?"

ముందు సీట్లో ఉల్లికాడల సంచీ పట్టుకున్న ముసలావిడ, "నాకైతే అర్థమైంది నాయనా," అంది.

లయనెల్ కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. "నాకు మొదటిసారే అర్థమైంది."

రూబెన్ మైకు ఆపేశాడు. ఎర్రదీపం దగ్గర బస్సు ఆగింది.

"నేను నచ్చలేదని నేరుగా అనొచ్చుగా."

"నచ్చకపోతే ఇంత కష్టం ఉండేది కాదు." లయనెల్ గొంతు తగ్గించాడు. "గ్రేహమ్ అని, ఆరేళ్ళు నాతో కలిసి ఉన్నాడు. పందొమ్మిది నెలలు మంచంలో ఉన్నాడు. చివర్లో నా పేరు కూడా మర్చిపోయాడు. రెండేళ్ళయింది. ఆ వంటగదిలో ఎంతమందికైనా డబ్బాలిస్తాను. కౌంటర్‌కి ఇవతల ఉండి ఇస్తాను. అవతలికి మాత్రం రాలేను. మళ్ళీ నా వల్ల కాదు."

దీపం పచ్చబడింది. వెనక కారు హారన్ కొట్టింది. రూబెన్ బస్సు కదిలించాడు.

"అంటే నేను పోతానని మీరు ముందే ఏడ్చేస్తున్నారన్నమాట. నేనింకా బతికే ఉన్నానండీ. మిమ్మల్ని మోసుకెళ్తున్నాను కూడా."

లయనెల్ కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నాడు.

"మీ స్టాపు దాటిపోయింది," అన్నాడు రూబెన్ ముందుకి చూస్తూనే.

ఆ శనివారం రూబెన్ రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. ఎవరి అడుగులు మెట్ల మీద వినిపించినా లయనెల్ తలెత్తుతున్నాడు, విన్నీ చూసీ చూడనట్టు ఊరుకుంటోంది. రెండో శనివారం మధ్యాహ్నం ఆమే ఐసు పెట్టెలో డబ్బా సర్ది అతని చేతిలో పెట్టింది.

"చీటీలో ఇంటి చిరునామా ఉంది. అతనికి కోపమొస్తే నీ మీద రావాలిగానీ, దీనిమీద ఎందుకు? ఇచ్చేసి రా."

"ఆయనకి నన్ను చూడాలని లేదేమో."

"నీకుందా లేదా?"

లయనెల్ కోటు తొడుక్కున్నాడు.

రూబెన్ ఇంటి కింద వాటాలో ఉండే చైనా ఆయన, గురువారం అంబులెన్స్ వచ్చిందని చెప్పాడు. న్యుమోనియా అట. ఆ మాట విన్నాక లయనెల్ ఆసుపత్రి దాకా ఎలా వెళ్ళాడో తర్వాత గుర్తు చేసుకుందామన్నా గుర్తు రాలేదు. మూడో అంతస్తులో గాజు తలుపు దగ్గర నర్సు ఆపింది.

"ఈ వార్డులోకి కుటుంబం వాళ్ళకే అనుమతి. మీరు ఏమవుతారు?"

ఏమవుతాడు? కౌంటర్ అవతలి మనిషికి ఇవతలి మనిషి ఏమవుతాడు? లయనెల్ ఐసు పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నర్సుకి పనుంది, వెళ్ళిపోయింది.

బల్ల మీద నల్ల శాలువా కప్పుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర ప్రయాణపు సంచీ ఉంది. నర్సు మాటలు ఆమెకి సగమే అర్థమైనట్టున్నాయి. లయనెల్‌నే చూస్తోంది. నుదురు, కనుబొమలు అచ్చం రూబెన్‌వే. లయనెల్ షాపులో నేర్చుకున్న స్పానిష్‌లో నమస్కారం చెప్పాడు.

"నువ్వు మందుల షాపు అబ్బాయివి కదూ," అంది ఆమె.

"మీకెలా తెలుసమ్మా?"

"ప్రతి ఆదివారం మావాడు మా ఊరు ఫ్రెస్నోకి ఫోన్ చేస్తాడు. బస్సు గురించి రెండు మాటలు, జబ్బు గురించి ఒక అబద్ధం, మిగతాదంతా నీ గురించే. కళ్ళజోడు, నవ్వకపోవడం, అన్నీను. స్నేహితుడంటాడు. ఈ మధ్య రెండు వారాలుగా నీ మాటే ఎత్తలేదు. ఏం చేశావు వాణ్ణి?"

లయనెల్ ఆమె పక్కన కూర్చున్నాడు. ఈవిడకి ఎంత తెలుసో, ఎంత చెప్పొచ్చో అతనికి తెలీదు. అబద్ధం చెప్పడం ఎటూ చేతకాదు.

"దగ్గరికి రానివ్వలేదమ్మా. దగ్గరైనవాళ్ళు పోయాక మిగిలేది నేను. ఒకసారి అలా మిగిలాను. భయమేసింది."

"ఇప్పుడెందుకొచ్చావు? జాలేసిందా?"

"లేదు." లయనెల్ తలొంచుకున్నాడు. "ప్రేమేనమ్మా. రాకుండా ఉంటే భయపడక్కర్లేదనుకున్నాను. రెండు వారాలు రాకుండా ఉన్నాను, ఇంకా ఎక్కువ భయపడ్డాను."

ఆమె అతని మాటలు ఒక్కొక్కటీ లోపల సర్దుకుంటున్నట్టు, శాలువా అంచు మడుస్తూ కూర్చుంది.

"నాకు మాత్రం భయం లేదా?" అంది చివరికి. "కన్నదాన్ని. అయినా అయిదు గంటలు బస్సులో కూర్చుని వచ్చానా లేదా?"

లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. లయనెల్ మోచెయ్యి పట్టుకుని లేపింది. గాజు తలుపు దగ్గర నర్సు మళ్ళీ ఎదురొచ్చి, "ఆయన?" అంది. ఆమె తనకి వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుంది.

"మావాడే," అంది.

నర్సు ఇద్దరి మొహాలూ చూసి, కాగితం మీద ఏదో రాసుకుని తలుపు తెరిచింది. "నువ్వు ముందు వెళ్ళు," అని తల్లి తలుపు బయటే ఆగింది.

రూబెన్ మొహం మీద ఆక్సిజన్ మాస్కు ఉంది. బాగా చిక్కిపోయాడు. జ్వరం తగ్గుతోందనీ, ఈసారికి గండం గడిచినట్టేననీ నర్సు చెప్పి వెళ్ళింది. ఈసారికి అన్న మాట లయనెల్‌కి గుచ్చుకుంది. అయినా కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు. రూబెన్ కళ్ళు తెరిచి, నమ్మలేనట్టు చూసి, మాస్కు పక్కకి జరిపాడు.

"మిమ్మల్నెవరు రానిచ్చారు? ఇక్కడికి చుట్టాల్ని తప్ప రానివ్వరే."

"మీ అమ్మగారు చెప్పారు."

"ఏమని?"

"మావాడే అని."

రూబెన్ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదండీ. నేనిలాంటివాణ్ణని. పదకొండేళ్ళుగా చెప్దామనే ఫోన్ తీస్తాను. వాతావరణం గురించి మాట్లాడి పెట్టేస్తాను. నిజంగా మా అమ్మ అలా అందా?"

"అంది. నర్సుతో అంది, గట్టిగా అంది." లయనెల్ అతని చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. వేడిగా ఉంది. "నేను కూడా చెప్పాల్సింది చెప్పేశాను, ముందు ఆవిడకే. ఇప్పుడు నీకు చెప్తున్నాను. నువ్వంటే నాకు ప్రాణం. భయం పోలేదు. భయంతోనే వచ్చాను. రోజూ వస్తాను."

"ఎన్ని రోజులు వస్తావు?"

"ఎన్నుంటే అన్ని."

రూబెన్ ఏదో అనబోయాడు, దగ్గొచ్చింది. తలుపు తెరుచుకుంది. తల్లి లోపలికి వచ్చి, లయనెల్ భుజం తట్టి, "కాస్త జరుగు బాబూ," అని మంచం అంచున కూర్చుంది. కొడుకు జుట్టు సవరించింది.

"అమ్మా, నీకో మాట చెప్పాలి," అన్నాడు రూబెన్ ఆయాసపడుతూ.

ఆమె మాస్కు తీసుకుని అతని మొహానికి జాగ్రత్తగా పెట్టింది.

"నాకు తెలుసులే నాన్నా. నువ్వు పదిహేనేళ్ళవాడివి అయినప్పట్నించీ తెలుసు. ముందు ఊపిరి తీసుకో."