అమ్మ ఉతికేసిన యుద్ధం

పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లోకి వచ్చిన కూతురికి గుండె గుభేలుమంది. తీగ మీద సైనికుల చొక్కాలు పదకొండు, మచ్చన్నది లేకుండా, గంజి పెట్టి ఆరేసి ఉన్నాయి.

"అమ్మా! కొంప ముంచావు కదే!"

"ముంచానా? తెల్లారకముందే లేచి నడుం విరిగేలా ఉతికాను. యుద్ధానికెళ్ళే పిల్లలు అంత మురికిగా వెళ్తారా? చూసినవాళ్ళు వాళ్ళ తల్లుల్ని అనరూ?"

ముప్పై ఏళ్ళు లాండ్రీ నడిపిన చేతులవి, మరక కనిపిస్తే ఊరుకుంటాయా! కానీ ఆ మురికంతా కూతురు వారం రోజులు కూర్చుని, టీ డికాక్షన్‌లో ఇటుకపొడి కలిపి చొక్కాలకు పట్టించినది. ఆమె తీస్తున్న చిన్న యుద్ధం సినిమాలో సగం పోరాటం నిన్న పూర్తయింది, మిగతా సగం ఇవాళ. షూటింగ్ జరిగే పాడుబడ్డ మిల్లును రేపు కూలగొట్టేస్తారు. నిన్నటి మరకలు ఇవాళ కనిపించకపోతే రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

"నిన్న మట్టికొట్టుకుపోయినవాడు ఇవాళ పెళ్ళికొడుకులా పరిగెడితే జనం నవ్వరా? నాది కూడా పనేనని నువ్వెప్పుడూ అనుకోలేదు. అందుకే అడక్కుండా ముట్టుకున్నావు!" కూతురు భోరుమంది.

అమ్మ మొహం చిన్నబోయింది. శత్రు సేనాధిపతి వేషంలో ఉన్న నాన్న, పెట్టుడు మీసంతో సహా తలుపు చాటుకు తప్పుకున్నాడు. ఇంట్లో యుద్ధమంటే ఆయనకు మహా భయం.

కాసేపటికి అమ్మ కళ్ళు తుడుచుకుని బకెట్ లాగింది. "ఇటుకపొడి ఎక్కడే?"

"రెండు గంటల్లో వ్యాన్ వస్తుంది. ఆ రంగు పట్టడానికే వారం పట్టిందమ్మా."

"మరక మీద వేడి ఇస్త్రీ పెట్టొద్దని ఊరందరికీ చెప్పినదాన్ని. ఇవాళ నేనే పెడతాను. చచ్చినా వదలదు, చూడు."

కూతురు నిన్నటి ఫోటోల కోసం ఫోన్ తీసింది.

"ఫోనెందుకే? పొట్టోడి చొక్కాకి ఎడమ మోచేయి. పొడుగోడికి జేబు కింద, అరచేయంత. ఒక్కోటీ ఈ గోళ్ళతో రుద్దాను, మర్చిపోతానా?"

ఫోటోలతో పోల్చి చూస్తే ఒక్కటి తప్పితే ఒట్టు! కూతురికి ఏడుపులోనే నవ్వొచ్చేసింది. "ఇందాక నోటికొచ్చినట్టు అనేశానమ్మా."

"అడక్కుండా ఉతకడం నాదీ తప్పేలే."

పదకొండో చొక్కా దగ్గర మాత్రం అమ్మ చెయ్యి ఆగిపోయింది. దానికి గుండె దగ్గర ఎర్రరంగు పెట్టాలి.

"దీన్ని మూడుసార్లు ఉతికానే. ఉత్త రంగేనని తెలుసు. అయినా వాడి తల్లి చూస్తే ఏమైపోతుందోనని..."

కూతురు అమ్మను వాటేసుకుంది. రెండేళ్ళు పేజీలకు పేజీలు రాసి తను చెప్పాలనుకున్నది ఇదే.

"రంగు తర్వాత పెడదాం. ముందు ఈ చొక్కాకి నువ్వే బొత్తాలు పెట్టమ్మా, కెమెరా ముందు. సినిమా అక్కణ్ణుంచే మొదలెడతాను."

"నాకు నటన రాదే తల్లీ!"

"నటించకు. రోజూ మాకు చెప్పేదే చెప్పు."

వ్యాన్ దిగిన నటుడికి ఆ చొక్కా తొడిగి గుమ్మంలో నిలబెట్టారు. అమ్మ ఒక్కో బొత్తామూ పెట్టి, కాలరు సర్దింది. "త్వరగా వచ్చెయ్ నాయనా. బట్టలు మాసినా పర్లేదు, నేను ఉతుకుతాలే" అంది.

కట్ చెప్పాల్సిన డైరెక్టరమ్మ కళ్ళనీళ్ళతో నిలబడిపోయింది. చివరికి శత్రు సేనాధిపతే ముక్కు చీదుకుంటూ కట్ చెప్పాడు. సగం మీసం ఆయన చేతిరుమాలుకే అంటుకుపోయింది.