ఎస్తేరు నింపని గడి

"పక్షులు లేవండీ," అన్నాడు మునిప్రసాద్.

"లేవా? మొత్తానికే లేవా?"

"ఉన్నాయి. చెట్ల మీద ఉన్నాయి. ఆటలో మీరు పక్షి కాలేరు, అంతే."

కొత్తగా వచ్చిన ఆ అమ్మాయి పెన్సిల్‌ని చెవి మీద దోపుకొని, చేతిలోని కాగితాన్ని మరోసారి చదివింది. 'జాతి' అన్న మాట పక్కన ఒక ఖాళీ గడి. దాని కింద చిన్న అక్షరాల్లో మూడే మూడు మాటలు: మనిషి, గుట్టపొట్టి, అడవిదొర.

"ఈ లోకం ఎవురు సేసినారు?"

"నేనే."

"అయితే ఇంకొక జాతిని చేసేదానికి ఎవుర్ని అడగాల?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మునిప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి.

తిరుపతి బైరాగిపట్టెడలో ఏకాంబరం టిఫిన్ సెంటర్ మీది గదిలో ప్రతి ఆదివారం మూడు గంటలకు ఈ ఆట. ఫోన్లు, కంప్యూటర్లు అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, ఇరవై ముఖాల పాచిక ఉంటే చాలు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర అవుతారు. మునిప్రసాద్ కథ చెబుతాడు. ఎవరైనా గోడ దూకుతానంటే పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే దూకినట్టు, చిన్నది పడితే కాలు విరిగినట్టు.

మిగతా ఆరు రోజులూ మునిప్రసాద్ పాకాల రైల్వే స్టేషన్‌లో టికెట్లు ఇస్తాడు. రైలుకీ రైలుకీ మధ్య దొరికిన ఖాళీలో రెండేళ్లు కూర్చొని నాలుగు లాంగ్ నోట్‌బుక్కుల నిండా ఈ లోకాన్ని రాశాడు. అంతకుముందు ఒకసారి 'ఎవరికి ఏది ఇష్టమైతే అది' అని వదిలేశాడు. ఒకడు డ్రాగన్ అయ్యాడు, ఒకడు మాట్లాడే పిల్లి, ఇంకొకడు సగం మనిషి, సగం మోటారు. ఎవరి గొప్ప వాళ్లది. మూడు వారాల్లో ఆట మూతపడింది. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు, మూడు జాతులకు మించి ఇవ్వకూడదని.

"ఎనిమిది నెలలుగా రాక్షసుడు కావాలని మొత్తుకుంటా ఉండా," అన్నాడు ఢిల్లీబాబు. అతనికి గాంధీరోడ్డులో సెల్‌ఫోన్ కవర్ల కొట్టు. "ఈ యప్ప వినడు. మెనూ కార్డు ఇంత పొడుగు ఇచ్చి, ఇడ్లీ, ఉప్మా తప్ప లేదన్నట్టుండాది యవ్వారం."

"కొంగో కాకో ఎందుకు పాపా? నా మాదిరి అడవిదొర తీసుకో. చెవులన్నా పొడుగ్గా ఉంటాయి," అంది బీఎడ్ చదివే పల్లవి.

"కొంగ కాదక్కా, ఫ్లెమింగో. మాది పులికాట్ సరస్సు పక్క." ఆ అమ్మాయి కాగితాన్ని బల్ల మీద పెట్టింది. పేరు దగ్గర 'ఎస్తేరు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. జాతి గడి మాత్రం అలాగే వదిలేసింది. "ఇది ఖాళీగా ఉండనీండి. మీరు దిగొచ్చినప్పుడు నింపుకుంటా."

దిగిరావడం మునిప్రసాద్‌కు చేతకాని పని. ఆట మొదలుపెట్టి, అందరినీ ఒక కోట ముందు నిలబెట్టాడు. గొంతు బరువు చేసి, కోట కాపలావాడై అడిగాడు.

"ఆగు. నువ్వు ఏ జాతి?"

"చెప్పను," అంది ఎస్తేరు.

"చెప్పకుంటే తలుపు తియ్యను."

"సరే. ఈడే కూసుంటా."

నిజంగానే కూర్చుంది. మిగతా ఇద్దరూ కోటలోకి పోయారు. కథలో ఎస్తేరు తలుపు బయటే రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించి టీ పెట్టింది. కాపలావాడికి ఒక లోటా ఇచ్చింది.

"నీ పేరేందన్నా?"

నాలుగు నోట్‌బుక్కుల్లో ఎక్కడా ఆ కాపలావాడికి పేరు లేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"గు... గురవడు."

"పెండ్లైందా గురవన్నా?"

"లేదు."

"ఎందుకో?"

"డ్యూటీ," అన్నాడు మునిప్రసాద్. ఢిల్లీబాబు దగ్గాడు. పల్లవి కిటికీలోంచి బయటికి చూసింది. ఆరు గంటలయ్యేసరికి గురవడు తన మోకాళ్ల నొప్పి దగ్గర్నుంచి అంతా చెప్పేసుకున్నాడు. ఆట ముగించాల్సిన వేళకు, ఇంకో పది నిమిషాలు కాపలా కాస్తే బాగుండునని మునిప్రసాద్‌కు అనిపించింది.

అలా నాలుగు ఆదివారాలు గడిచాయి. తలుపు తెరుచుకోలేదు. టీ మాత్రం ఆగలేదు.

ఐదో ఆదివారం ఆట అయ్యాక ఒక్కసారిగా వాన కమ్ముకుంది. ఏకాంబరం కొట్టు ముందు కట్టిన పట్ట కింద ఇద్దరూ ఇరుక్కుపోయారు. పట్ట అంచు నుంచి నీళ్లు సరిగ్గా మునిప్రసాద్ భుజం మీదే పడుతున్నాయి. జరిగితే ఆమెకు తగులుతాడు. అందుకని తడుస్తూ నిలబడ్డాడు.

"ఈ పక్కకి రాండి. కరవను," అంది ఎస్తేరు.

జరిగాడు. గ్లాసులోని కాఫీ వైపు చూస్తూ అడిగాడు. "ఒక మాట అడగొచ్చా? మనిషి అని రాస్తే పోయేదేముంది? ఆట ఆటే కదా."

ఎస్తేరు ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. తిరుపతి వచ్చి ఏడాదైంది.

"రూము కోసం పదకొండు ఇండ్లు తిరిగినా," అంది. "ముందు బాగా మాట్లాడతారు. యాడ పని, ఏ ఊరు అంటారు. ఆ పైన మెల్లిగా, 'మీరెవురమ్మా' అంటారు. ఎస్తేరు అంటా. పేరు కాదమ్మా, ఎవురోళ్లు అంటారు. చెప్పినాక, ఇప్పుడే మా తమ్ముడికి ఇస్తామని మాటిచ్చినాం అంటారు. పదకొండు ఇండ్లల్లో తొమ్మిదిండ్లకి తమ్ముళ్లుండారు."

నవ్వబోయింది గాని నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"పన్నెండోది హాస్టలు. ఆడ ఎవురూ అడగలా. ఆదివారం ఏదో ఆట అంట, కథంట, పోదామని వస్తే, మీ కాగితంలో మొట్టమొదుట అదే ఉండె. ఫ్లెమింగోలు యాడ్నుంచో వస్తాయి మా ఊరికి. ఎవురోళ్లు మీరని వాటిని ఎవురూ అడగరు. జనం కార్లేసుకొని వచ్చి సూస్తారు. అందుకే అది కావాలన్నా. మీ మీద కోపమేం లేదు."

మునిప్రసాద్ చేతిలో కాఫీ చల్లారిపోయింది. వాన వెలిసింది, ఆమె ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆ వారమంతా అతనికి టికెట్ల మీద ఊళ్ల పేర్లు సరిగా కనబడలేదు. ఆదివారం అందరూ వచ్చాక లేచి నిలబడ్డాడు.

"ఈ రోజు నుంచి ఎవరికి ఏ జాతి కావాలంటే అది. ఎస్తేరు కోసం మార్చినా. పాపం, ఆ అమ్మాయికి ఈ ఊర్లో రూము ఎవురూ ఇయ్యలేదు. పదకొండు ఇండ్లల్లో ఎవురోళ్లని అడిగి పంపించేసినారంట. మన ఆటలోనన్నా..."

అంతవరకూ చెప్పి, ఎస్తేరు మొహం చూసి ఆగిపోయాడు.

ఢిల్లీబాబు "అయ్యో" అన్నాడు. పల్లవి ఎస్తేరు చేయి పట్టుకోబోయింది. ఎస్తేరు చేయి వెనక్కు తీసుకుంది. పెన్సిలు, పుస్తకం సంచిలో వేసుకుంది. గొంతు పెంచలేదు. "నాకు పని ఉండాది," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

"రాక్షసుడిని చేసినావనే సంతోషం కూడా లేకుండా చేసినావు కదప్పా," అన్నాడు ఢిల్లీబాబు నెమ్మదిగా.

పది రోజులు మునిప్రసాద్ పంపిన మెసేజ్‌లకు నీలం టిక్కులు పడ్డాయి గాని జవాబు రాలేదు. పదకొండో రోజు వచ్చింది. 'ఆదివారం మా ఊర్లో ఉంటా. రావాలంటే రా. మా నాయన ఉంటాడు.'

'రాండి' పోయి 'రా' వచ్చింది. అది కోపమో, చనువో తేల్చుకోలేక మూడు రైళ్ల వాళ్లకు చిల్లర తప్పుగా ఇచ్చాడు.

సూళ్లూరుపేటలో దిగి, ఆటోలో సరస్సు ఒడ్డు పల్లెకు చేరేసరికి పది దాటింది. ఎస్తేరు వాళ్ల నాయన చెంగయ్య పడవ తోస్తున్నాడు. బక్కపలచని మనిషి, మోకాళ్ల దాకా బురద.

"నువ్వేనా కథలు చెప్పే టికెట్ల సారు? ఎక్కు."

పడవ చివర చెంగయ్య, మధ్యలో ఎస్తేరు, ముందు మునిప్రసాద్. దూరంగా నీళ్లలో గులాబీ రంగు గీతలా ఫ్లెమింగోలు. నీళ్లు లోతు లేవు గాని మునిప్రసాద్ రెండు చేతులతో పడవ అంచు పట్టుకున్నాడు.

"నువ్వు నాకు చెప్పిన మాటని నేను నలుగుర్లో పంచిపెట్టేసినా," అన్నాడు. "మంచి చేస్తా ఉండాననుకున్నా. తప్పు చేసినా ఎస్తేరూ."

"తప్పే," అంది ఆమె. "అంతదాకా వాళ్లకి నేను గేటు కాడ టీ పెట్టుకొని కూసున్న మొండిదాన్ని. ఆ మొండిది అంటే నాకు శానా ఇష్టం. నువ్వు ఒక్క మాటతో దాన్ని 'పాపం' చేసినావు."

చెంగయ్య గెడకర్రతో పడవను ఫ్లెమింగోల వైపు తిప్పాడు.

"ఇప్పుడేం చెయ్యమంటావు? మళ్లీ మూడే జాతులు పెట్టేదా?"

"మూడో ముప్పయ్యో, అది కాదు. పక్షులోళ్లు లేరన్నావు. ఎందుకు లేరు? ఎప్పుడూ లేరా, ఉండి పోయినారా, ఎవురన్నా తరిమినారా? లేరంటే లేరు అంటే ఎట్లా? ఆ కథ చెప్పు. అప్పుడు నేను మనిషిగానే ఆడతా. వాళ్లని ఎతుక్కుంటా పోతా."

రెండేళ్లు, నాలుగు నోట్‌బుక్కులు, మునిప్రసాద్‌కు ఒక్కసారి కూడా తట్టని సంగతి అది. కథంతా కళ్ల ముందు కదిలింది. ఏరు దాటితే ఖాళీ గూళ్లు, రాళ్ల మీద ఈకల గుర్తులు...

చెంగయ్య వెనక నుంచి అడిగాడు. "నన్ను ఆడనిస్తే నేనేమవ్వాలబ్బా?"

"మీ ఇష్టం మామా. పక్షి, చేప, రాక్షసుడు, ఏదన్నా సరే."

చెంగయ్య గెడ ఆపి బాగా ఆలోచించాడు. "మనిషినే అవుతాలే. యాభై ఏండ్లు పట్టింది పడవ తోసేది నేర్సుకునేదానికి. రెక్కలొస్తే మళ్లా మొదుట్నుంచి నేర్సుకోవాల."

ఎస్తేరు పకపకా నవ్వింది. ఆ నవ్వు వింటూ మునిప్రసాద్ దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపెట్టేశాడు.

"ఇంట్లో చెప్పేసినా."

"ఏమని?"

"ఎస్తేరు అని ఒక అమ్మాయి ఉండాదని. చేసుకుంటే ఆ అమ్మాయినే చేసుకుంటానని."

నవ్వు ఆగింది. "నాకు చెప్పకముందే?"

"...అవును."

"మళ్లా నా సంగతి, నన్నడక్కండా, ఇంకొకరికి!"

మునిప్రసాద్ నీళ్లలోకి దూకేద్దామా అనుకున్నాడు. మోకాలి లోతే ఉంది. చెంగయ్య ఎక్కడో దూరంగా వల చూసుకుంటున్నట్టు తల తిప్పుకున్నాడు.

"మీ నాయన ఏమన్నాడు?"

"ఏమీ అనలా. సెనక్కాయ సేనుకి పోయినాడు."

"అమ్మ?"

"అన్నం పెట్టింది. కూర ఎయ్యలా."

"ఒట్టన్నం తిన్నావా?"

"తిన్నా."

ఎస్తేరు పెదవి కొరుక్కుంది. నీళ్లలో చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. "ఈ పూట మా ఇంట్లో రొయ్యల పులుసుండాది," అంది చివరికి. "తిని పో. మిగతాది ఆలోచిస్తా."

సాయంత్రం రైలు గూడూరు దాటాక ఫోన్ మోగింది. 'ఆలోచించినా. సరే. ఈసారి ఎవురికన్నా చెప్పేముందు నాకు చెప్పు.'

ఆమె సరే అన్నంత మాత్రాన పాకాలలో ఏదీ సరి కాలేదు. మునిప్రసాద్ నాయన వెంకటరమణ కొడుకుతో రెండు నెలలు మాట్లాడలేదు. అమ్మ చంద్రకాంతమ్మ మాత్రం కూర వేయడం మొదలుపెట్టింది. ఒకరోజు, "ఆ పిల్ల ఫోటో ఉంటే సూపీ," అంది. చూసి, "కండ్లు బాగుండాయి," అని వంటింట్లోకి పోయింది.

ఒక ఆదివారం మూడు గంటలకు ఏకాంబరం మెట్ల మీద కిర్రుచెప్పుల చప్పుడైంది. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. వెంకటరమణ గది అంతా కలయజూసి, మూలనున్న కుర్చీలో కూర్చున్నాడు.

"మీ పని మీరు కానీండి. ఏందో సూసి పోదామని వచ్చినా."

ఎస్తేరు లేచి నమస్కారం పెట్టింది. వెంకటరమణ తల ఆడించాడో లేదో తెలియలేదు. ఏకాంబరం తెచ్చిన కాఫీ ఆయన ముందే చల్లారిపోయింది.

ఆట మొదలైంది. పక్షులవాళ్ల జాడ వెతుకుతూ ముగ్గురూ వరద ఏరు దాటుతున్నారు. ఢిల్లీబాబు దాటాడు. పల్లవి దాటింది. ఎస్తేరు నడుముకు తాడు కట్టుకొని దిగింది. పాచిక వేసింది. రెండు.

"తాడు తెగింది," అన్నాడు మునిప్రసాద్. తండ్రి ఉన్నాడన్న సంగతి కథలో పడి మరిచిపోయాడు. "నీళ్లు గొంతు దాకా వచ్చినాయి. కాలికింద రాయి జారింది. ఎస్తేరు చెయ్యి ఒక్కటే పైకి కనబడతా ఉండాది..."

"ఒరే!"

అందరూ ఉలిక్కిపడ్డారు. వెంకటరమణ కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు.

"ఆ పిల్లని గట్టుకి లాగరా! సూస్తా కూసున్నావే!"

"నాయనా, పాచిక పడాల. ఎవురన్నా ఎయ్యొచ్చు. పన్నెండు దాటితే..."

"ఇట్లియ్యి."

వేశాడు. మూడు.

"దాటకపోతే ఏమైతాది?"

మునిప్రసాద్ నోట్‌బుక్కు మూశాడు. వెంకటరమణ మొదటిసారి ఎస్తేరు వైపు సూటిగా చూశాడు. ఆమె కూడా చూపు దించలేదు.

"ఇంకొకసారి ఏస్తా," అన్నాడు ఆయన.

"ఒక్కసారే నాయనా. రూలు..."

"నీ రూలు సంకనాకిపోను! నా కోడలు నీళ్లల్లో పోతా ఉంటే, ఒక్కసారి ఏసి సేతులు కట్టుకొని కూసుంటానారా నేను?"

అన్నాక ఆ మాట ఆయనకే వినబడింది. పల్లవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఢిల్లీబాబు పాచికను రెండు చేతులతో తీసి పెద్దాయన ముందు పెట్టాడు.

వెంకటరమణ తువ్వాలుతో మొహం తుడుచుకొని, పాచికను పిడికిట్లో గలగలలాడించి విసిరాడు. అది బల్ల అంచు తగిలి కింద పడి, ఎక్కడికో దొర్లిపోయింది. ఎంత పడిందో చూడడానికి ఎవరూ వంగలేదు.

"గట్టెక్కినా మామా," అంది ఎస్తేరు.