అద్దాల్లేని కళ్ళజోడు

ఒక్క ప్రశ్న. మాట దాటెయ్యకుండా జవాబు చెప్పండి: ఇరవయ్యేళ్ళు మీ ముఖం మీద కూర్చున్నదాన్ని ఒక్క పూటలో దింపేస్తే, అది ఊరుకుంటుందని మీకు ఎవరు చెప్పారు?

కంటి డాక్టరైతే చెప్పలేదు. "ఇక కళ్ళజోడుతో పని లేదమ్మా" అన్నాడు, అంతే. బడిలో పిల్లలు పెట్టిన సోడాబుడ్డి అన్న పేరు ఇంట్లోనూ పాతుకుపోయిన ఆ అమ్మాయి లేజర్ చేయించుకుని, గోడ మీద చీమ కాళ్ళు కూడా కనిపించే చూపుతో ఇంటికొచ్చింది. అక్క మురిసిపోయింది. అక్క కూతురు చిట్టి మాత్రం, పుట్టినప్పటినుంచీ పిన్ని చంక దిగని పిల్ల, కెవ్వుమని తలుపు చాటుకు పోయింది.

"పిన్ని కాదు!"

"నేనేనే తల్లీ!"

"కాదు! పిన్ని ఏదీ?"

అక్క పడీపడీ నవ్వింది. "దానికి పిన్నంటే ఆ కళ్ళజోడేనే. నువ్వు దాన్ని తగిలించే కొయ్యవి."

నవ్వులాటే. కానీ అక్క డ్యూటీకి పోతే పిల్లను చూసుకునే దిక్కు సోడాబుడ్డి ఒక్కతే. అందుకే అక్క సొరుగులోంచి పాత జోడు తీసి, స్క్రూలు విప్పి, అద్దాలు రెండూ ఊడబెరికి చెత్తబుట్టలో పడేసింది. వట్టి ఫ్రేము. అది పెట్టుకోగానే చిట్టి ఎగిరొచ్చి మెడకు చుట్టేసుకుంది. సమస్య తీరిందనుకున్నారు.

ఒక వాన సాయంత్రం. అక్క ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. కరెంటు పోయింది. సోడాబుడ్డి బాత్రూంలో కొవ్వొత్తి వెలిగించి, చిట్టిని తొట్టిలో కూర్చోబెట్టి నీళ్ళు పోస్తోంది. సబ్బు వాసన. చెమ్మగిల్లిన గోడల వాసన. తూము గుటకలు వేస్తున్న చప్పుడు. వేణ్ణీళ్ళ బకెట్లోంచి ఆవిరి లేచింది. చూపు మసకబారింది. ఇరవయ్యేళ్ళ అలవాటు... చెయ్యి దానంతటదే జోడు తీసింది, చొక్కా అంచుతో తుడిచింది, మళ్ళీ పెట్టింది. హమ్మయ్య, ఇప్పుడు స్పష్టంగా ఉంది.

ఇంకో చెంబు ముంచబోయి ఆగిపోయింది.

తను... దేన్ని తుడిచింది?

మెల్లగా వేలు ఎత్తింది. ఫ్రేములోంచి దూరి కనురెప్పకు తగిలింది. అడ్డం ఏమీ లేదు.

ఫ్రేము తీసి కిటికీ గట్టు మీద పెట్టింది, గదివైపు తిప్పి. రెండు ఖాళీ గుండ్రాల్లోనూ తెల్లటి ఆవిరి. పెరిగింది. తగ్గింది. మళ్ళీ పెరిగింది... ఎవరో దగ్గరగా ఊపిరి వదులుతున్నట్టు. ఒక గుండ్రం మధ్యలో ఆవిరి చెరిగిపోయింది. అవతలినుంచి బొటనవేలితో తుడిచినట్టు.

చిట్టి తొట్టిలో లేచి నిలబడింది. రెండు చేతులూ చాచింది. సోడాబుడ్డి వైపు కాదు, గట్టు మీది జోడు వైపు.

"పిన్నీ... ఎత్తుకో."

కాలు జారింది. నీళ్ళలో తల మునగబోయే పిల్లను సోడాబుడ్డి అమాంతం లాగేసుకుని బయటికి పరిగెత్తింది. తలుపు మూసింది. గడియ పెట్టింది. లోపలినుంచి గుసగుస.

"చిట్టీ... రా..."

ఆ గొంతు తనదే.

"పిన్ని పిలుస్తోంది! వదులు!" చిట్టి గింజుకుంది. చేతిని కొరికింది. రక్తం వచ్చింది. సోడాబుడ్డి వదల్లేదు.

వీధి తలుపు దబదబ మోగింది. అక్క.

"ఎంతసేపే! వీధిలోంచి పిలిస్తే చెయ్యి ఊపావుగా, తలుపు తీయడానికేం రోగం?"

"నేనా... ఎక్కణ్ణుంచి?"

"బాత్రూం కిటికీలోంచి. కళ్ళజోడు పెట్టుకుని."

బాత్రూం గడియ తీశారు. లోపల ఎవరూ లేరు. ఫ్రేము గట్టు మీదే ఉంది, వీధి వైపు తిరిగి.

"పిచ్చిదానా, ఇందులో ఏముందని? అద్దాలు నేనే పీకాను కదా" అంటూ అక్క దాన్ని తీసుకుని, ఖాళీ గుండ్రంలోకి వేలు పోనిచ్చింది.

టక్.

గోరు అద్దానికి తగిలింది.

మీలో ఎవరైనా లేజర్ చేయించుకున్నారా? మీ పాత జోడు ఏ సొరుగులో ఉందో గుర్తుందా? లేవండి, ఇప్పుడే వెళ్ళి చూడండి. ఎటు తిరిగి ఉందో చూడండి, చాలు. మసగ్గా ఉన్నా సరే...

తుడవకండి.