భోజనశాల గోడకు గాయాలు

కాపలా అమ్మ ఏడుస్తూ వచ్చేసరికి అపరాధ పరిశోధక సార్వభౌముడు తన ఏకైక కోటుకు గుండీ కుట్టుకుంటున్నాడు.

"ఎవరో భోజనశాల గోడ చెక్కేస్తున్నారయ్యా! తాళాలు నా దగ్గరున్నాయని నన్నే అంటున్నారు. రేపట్నుంచి రావద్దన్నారు. ఈ వయసులో నేనెక్కడికి పోను?"

"తాళాలు ఇంకెవరి దగ్గరున్నాయమ్మా?"

"అధ్యక్షుల వారి దగ్గర. ఆయన ఆ బడి కట్టించిన దాతగారి మనవడు, ఆయన్నెలా అంటాం?"

ఒకప్పుడు అనాథ బాలురకు ఉచితంగా అన్నమూ అక్షరమూ పెట్టిన ఆ పాఠశాల ఇప్పుడు ప్రదర్శనశాల. భోజనశాలలో అడుగుపెట్టగానే సార్వభౌముడి వెంట వచ్చిన శిష్యుడు మెడ వెనక్కి వంచి పైకి చూశాడు. చక్రవర్తుల కొలువులు చిన్నబోయేంత ఎత్తు కప్పు! పిల్లల మోచేతుల రాపిడికి రాతిబల్లల అంచులు అద్దాల్లా నునుపెక్కాయి. నిచ్చెన వేస్తే తప్ప అందనంత పైన, గోడపూతలో ఉలిగాట్లు.

"నిధి కోసమా గురువుగారూ?"

"నిధి కోసమైతే గునపం తెచ్చేవాడు. అంచులు చూడు, పుండు మీది కట్టు విప్పినట్టు చెక్కాడు."

ఇంతలో అధ్యక్షుడు వేంచేశాడు. కాపలా అమ్మ ఇచ్చిన టీ తాగి, గ్లాసు కుళాయి కింద తానే కడిగి, కిటికీ గట్టు మీద బోర్లించాడు.

"పాపం, ఇంట్లో పనివాళ్ళు మానేశారేమో," అని శిష్యుడు గొణిగాడు. సార్వభౌముడు మాత్రం టార్చి వెలుగును గోడ వెంట ఏటవాలుగా వేస్తూ, నడుమెత్తున ఉబ్బిన పూతను గోటితో ఊడదీశాడు. లోపల మూడు చిట్టి వేళ్ళ గుంటలు.

సాయంత్రం పాలకవర్గమంతా కొలువుదీరింది.

"చెక్కినవాడు ఇక్కడ పెరిగిన పిల్లాడు," అన్నాడు సార్వభౌముడు. "దాత ఇంట్లో పుట్టినవాడికి గ్లాసు కడిగి బోర్లించే అవసరం రాదు. అది ఈ బల్లల దగ్గర అబ్బిన అలవాటు. అవునా, అధ్యక్షా?"

అధ్యక్షుడు కుర్చీలోంచి లేచాడు. "తమ్ముడి కోసమండీ. తడి సున్నం మీద పిల్లలందరం చేతులు అద్దాం. అందరికన్నా పైన అద్దుతానని వాడు మారాం చేస్తే భుజాలకెత్తుకున్నాను. మరుసటేడు జ్వరంతో పోయాడు. గోడ మీద పూత వేయించేశారు. నన్ను దత్తు తీసుకున్న దాతగారి కొడుకు ఇక్కడి ఊసే ఎత్తొద్దన్నాడు."

"అందుకని ఈ తల్లిని రోడ్డున పడేస్తారా?"

"తప్పైపోయిందమ్మా! నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు."

"వెతకడంలోనూ పొరబడ్డారు," అన్నాడు సార్వభౌముడు మెల్లగా. "మీ తలపులో వాడు ఆకాశమంత ఎత్తున ఉన్నాడు. మీరు పెరిగారు గానీ గోడ పెరగలేదు."

ఉలి ఈసారి కిందుగా కదిలింది. పెచ్చు వెనక పెచ్చు రాలింది. వరుసలు వరుసలుగా అరచేతులు! శిష్యుడు తెలియకుండానే చెప్పులు విప్పాడు. అన్నిటికన్నా పైన, అధ్యక్షుడి గడ్డం ఎత్తున, రావి ఆకంత చెయ్యి ఒకటి. ఆయన దాన్ని తాకబోయి, తాకలేకపోయాడు.

కాపలా అమ్మ కొంగు దోపుకుంది. "నిచ్చెన తీసెయ్యండి బాబూ. బకెట్టుతో నీళ్ళు తెస్తాను, తడిపితే పూత తేలిగ్గా ఊడొస్తుంది. మిగతా పిల్లలింకా లోపలే ఉన్నారు."