అరచేతికి పందిరి

2081 నాటికి రాజమండ్రిలో చెవులూ, ముక్కులూ, చర్మమూ నారుమడుల్లోనే పెరుగుతున్నాయి. కావలసినవాళ్లు కణాల నారుమడికి వెళ్లి, చిటికెడు కణాలిచ్చి, నెల తర్వాత మళ్లీ వెళ్లేవారు. "మా నాన్నగారి చెవి అయిందాండీ?" అని దర్జీని అడిగినట్టు అడిగేవారు. అమ్మమ్మలందరి పేర్లూ హన్వికలూ సాన్వికలూ అయిపోయిన కాలం అది.

ఆ నారుమడిలో అరచేతుల విభాగం డాక్టర్ నిహాంత్‌ది. కణాలకు తెలివి లేకపోలేదు గానీ బద్ధకం ఎక్కువ, దారి చూపిస్తే తప్ప కదలవు. చిక్కుడు పాదుకు పందిరి వేసినట్టు వాటికీ ఒక పందిరి వెయ్యాలి. జున్నులాంటి మెత్తటి పాలిమర్ రేకు మీద, వెంట్రుక మందంలో ఎనిమిది పట్టేటంత సన్నటి సూక్ష్మచాళ్లు ఉంటాయి. గట్టి పలక మీద ఆ చాళ్లు చెక్కి, దాని మీద సిలికాన్ ద్రవం పోసి, గడ్డకట్టాక ఒలిస్తే మెత్తటి అచ్చు వస్తుంది. ఆ అచ్చును హైడ్రోజెల్ అనే ఆ మెత్తటి రేకు మీద అద్దితే పందిరి సిద్ధం. కణాలు చాళ్ల వెంట బారులు తీరి చర్మం అవుతాయి. నెలన్నరకు పందిరి కరిగిపోతుంది. చాలు ఎటు పోతే చర్మం అటే మడత పడుతుంది కాబట్టి, చాళ్లు గీసే కంప్యూటర్‌కు నాగలి అని పేరు పెట్టారు.

తొలి పందిరిని నిహాంత్ తన ఎడమ అరచేతి మీదే వేయించుకున్నాడు. పేపర్లన్నీ ఆయన్ని ఆకాశానికెత్తేశాయి. హస్తసాముద్రికం మీద దుమ్మెత్తిపోస్తూ ఆయన ఒక చిన్న పుస్తకం కూడా రాశాడు. ఎవరు వచ్చినా చేతిలో ఒకటి పెట్టి పంపేవాడు.

ఆ రోజు వచ్చినావిడ ఆత్రేయపురం హన్వికమ్మ. పూతరేకులు తీయడంలో ఆవిడకు సాటి లేరు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిస్తే, తెల్లటి రేకు పొరలా లేస్తుంది. చెవులు పెంచే కాలం వచ్చింది గానీ ఆ రేకును చిరక్కుండా తీసే యంత్రం మాత్రం ఇంకా రాలేదు. నెల కిందట కాలు జారి, కుడి అరచెయ్యి మొత్తం కాలుతున్న కుండ మీద ఆనించేసింది.

"పెంచి ఉంచిన మీ కణాలు సాయంత్రం దాకా ఆగుతాయి," అన్నాడు నిహాంత్. "ఆలోగా పందిరి మీద చల్లకపోతే చచ్చిపోతాయి. మళ్లీ పెంచేలోపు పుండు మచ్చకట్టి చెయ్యి బిగుసుకుపోతుంది. మీరొకరూ ఇంట్లోవాళ్లొకరూ సంతకం పెట్టాలి." ఎడమ చేత్తో కాగితం అందించబోయి జారవిడిచాడు. "పాత దెబ్బ," అంటూ వంగి తీసుకున్నాడు.

గోడ మీద అరచేతి బొమ్మ వెలిగింది.

"హన్వికమ్మగారూ, కాలని మీ ఎడమ చేతిని చూసి కుడి చెయ్యి గీశాను," అంది నాగలి. "మడతలు సరిచూసుకోండి."

ఆవిడ కంటే ముందు ఆవిడ భర్త రుత్విక్ లేచి, కళ్లజోడు సవరించుకుని బొమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఆయుష్షు రేఖ సగంలోనే ఆగిపోయిందేంటండీ?"

"పుట్టినప్పట్నుంచీ అంతేనండి," అంది హన్వికమ్మ.

"అప్పుడంటే దేవుడు గీశాడు, మనం అడగలేం. ఇప్పుడు గీసేది వీళ్లే కదే! అడిగితే పోయేదేముంది?"

రుత్విక్ ఒట్టి చేతులతో రాలేదు, వియాన్ సిద్ధాంతిగారిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. సిద్ధాంతిగారు బొమ్మను పైనుంచి కిందికి చూశారు. "ఆయుష్షు రేఖ మణికట్టు దాకా లాగించండి. ధనరేఖ మధ్యవేలి దాకా కొత్తది వేయించండి. ఇదిగో, ఈ చీలిక తీసేయించండి. మొగుడితో పేచీలన్నీ దీనివల్లే."

"అది మాత్రం తప్పకుండా తీసెయ్యండి," అన్నాడు రుత్విక్.

నిహాంత్‌కు ఒళ్లు మండింది. "ఇవి రాతలు కావండీ, మడతలు! తలుపుకు బందులు ఎక్కడుంటే అక్కడే తిరుగుతుంది. మీ ఆయుష్షు రేఖ అంటే బొటనవేలు మడిచే చోటు. దాన్ని మణికట్టు దాకా లాగితే వేలు పనికిరాకుండా పోతుంది."

"ఉన్నదాన్ని ఇంకాస్త పొడిగించమన్నానండి, చెరిపెయ్యమనలేదు కదా. మీరు పొడిగించందే నేను సంతకం పెట్టను," అని రుత్విక్ కుర్చీలో చతికిలబడ్డాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "ఆ రోజు ఇది కుండ మీద పడిపోతే ప్రాణం పోయిందనే అనుకున్నానండి. ఇంకోసారి అలా కాకూడదనే నా తాపత్రయం," అన్నాడు.

హన్వికమ్మకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. నెల రోజులుగా ఆవిడ కుండ దగ్గర ఎవరెవరో కూర్చుంటున్నారు. వాళ్లు తీసిన దళసరి రేకులు చూసి ఆవిడకు అన్నం సయించడం లేదు.

"నాకు ఆయుష్షు గొడవ తెలీదండి బాబూ," అంది. "బొటనవేలు వచ్చి చూపుడువేలిని ముట్టుకోవాలి. రేకు అంచు పట్టుకోడానికి అంతే కావాలి."

నిహాంత్ రుత్విక్‌కు నచ్చజెప్పబోతూ బల్ల మీది కాఫీ గ్లాసు కోసం ఎడమ చెయ్యి చాపాడు. గ్లాసు కాస్త లేచి, ఒరిగి, కాఫీ కాగితాల మీద పడింది. హన్వికమ్మ ముప్పై ఏళ్లుగా చేతులనే చూస్తూ బతికిన మనిషి.

"డాక్టరుగోరండీ, ఆ చెయ్యి ఓసారి ముడవండి."

"చెప్పాను కదండీ, పాత దెబ్బ," అని ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"దెబ్బ కాదు హన్వికమ్మగారూ," అంది నాగలి. దానికి మొహమాటం నేర్పడం అందరూ మర్చిపోయారు. "అది నేను గీసిన తొలి పందిరి. ఆయుష్షు రేఖ పదకొండు మిల్లీమీటర్లు పెంచమని డాక్టరుగారే అన్నారు. వద్దని మూడుసార్లు చెప్పాను."

నిహాంత్ మొహం కందగడ్డలా అయింది.

"మా ఇంట్లో యాభై దాటిన మగాళ్లు లేరండి," అన్నాడు చివరికి. "నమ్మకం కాదు. గీసేది నేనే కదా, గీస్తే పోయేదేముంది అనిపించింది."

"ఇప్పుడు మీకెంతండీ?" అన్నారు సిద్ధాంతిగారు, ముందుకు వంగి.

"యాభై మూడు."

"చూశారా!" అని సిద్ధాంతిగారు తొడ చరిచారు. రుత్విక్ వెయ్యి ఏనుగుల బలం వచ్చినట్టు లేచి నిలబడ్డాడు. తన పుస్తకం మొత్తం ఒక్క అంకెతో కొట్టుకుపోవడం నిహాంత్ కళ్లారా చూశాడు.

హన్వికమ్మ మాత్రం లేచి, ఖాళీ గ్లాసు ఎడమ చేత్తో తీసి డాక్టరు ఎడమ చేతిలో పెట్టింది. గ్లాసు నేల మీద పడి దొర్లింది.

"బతికున్నారు, సంతోషం," అంది. "గ్లాసు పట్టుకోలేకపోతున్నారు. చేతులు పడిపోయి నేను వందేళ్లు కూర్చుంటే నాకు తినిపించేదెవరండీ, సిద్ధాంతిగోరా?" మొగుడి వైపు తిరిగింది. "నాకు నా చెయ్యే కావాలి. పెడతారా, పెట్టరా?"

రుత్విక్ ఆవిడ మొహం చూసి సంతకం పెట్టాడు. ఆవిడ ఎడమ బొటనవేలి ముద్ర వేసింది. చీలిక కూడా ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

నెలన్నర తర్వాత ఆ కొత్త చెయ్యి తీసిన తొలి రేకు నారుమడికే వచ్చింది. దాన్ని అడ్డం పెట్టుకుని పేపరు చదవొచ్చు, అంత పల్చన. కానీ సంతకాలు పెట్టిన రోజు జరిగింది ఇంకాస్త ఉంది.

కాగితాలు తీసుకుని అందరూ బయటికి వెళ్లారు. హన్వికమ్మ గుమ్మం దాకా వెళ్లి, సంచీ మర్చిపోయానంటూ వెనక్కి వచ్చింది. గోడ మీది బొమ్మ దగ్గరగా నిలబడి, నాగలికి మాత్రమే వినపడేలా గొంతు తగ్గించింది.

"నాయనా, బొటనవేలికి ఏ ఇబ్బందీ లేకుండానే... ఒక్క అర బియ్యపు గింజంత పొడిగించలేవా?"

"అంతవరకు ఇబ్బంది లేదమ్మా," అంది నాగలి. "ముందే కలిపే ఉంచాను."

"నేనడక్కుండానే?"

"ఇప్పటికి నాలుగు వందల ఆరు అరచేతులు గీశాను. సంతకం అయ్యాక అందరూ ఏదో ఒకటి మర్చిపోయామంటూ వెనక్కి వస్తారు. అందుకని డాక్టరుగారి తర్వాత అందరికీ కలిపేస్తున్నాను."

ఇంతలో తలుపు తెరుచుకుంది. రుత్విక్ లోపలికి తొంగి చూసి, పెళ్లాం అక్కడుందని ఊహించక తడబడ్డాడు.

"కళ్లజోడు మర్చిపోయానండి," అన్నాడు.

కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉంది. హన్వికమ్మ సంచీ భుజాన వేసుకుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"అర గింజ పెట్టేశాడట. ఇంక పదండి."