బాల్కనీ దగ్గర తీసిన ఊపిరి

"రేడియోలో అబద్ధాలు చెప్పడానికి జీతం కూడా ఇస్తారాండీ?"

ఎలియెల్ కాఫీ కప్పు మీంచి తలెత్తాడు. స్టూడియో గుమ్మంలో వానకి తడిసిన అమ్మాయి, నెరెయిదా. చంకలో పసిపిల్లలా బాంబర్దీనో, అంటే మా యౌకో ఊరి బ్యాండులో ఊదే లావుపాటి ఇత్తడి బాకా. తాను తడిసింది గానీ దాన్ని తడవనివ్వలేదు.

"నేనేం అబద్ధం చెప్పానండీ?"

"పొద్దున వేసిన పాత గ్రామఫోను రికార్డులో బాంబర్దీనో ఊదింది అప్పటి బ్యాండు మాస్టరన్నారు. కాదు. మా ముత్తాత, తిబుర్సియో అలిసేయా. అది విన్నప్పట్నుంచి మా అమ్మమ్మ అన్నం ముట్టలేదు."

"రికార్డు మీద మాస్టరు పేరే ఉందండీ."

"పేరు వేయించుకున్నవాడే ఊదాడా? ఆదివారం ఊరి నడిబొడ్డున ప్లాజాలో ఆ మాస్టరు పేరు చెక్కిన పలక పెడతారట. మీ మాట పట్టుకునే!"

ఎలియెల్‌కి చురుక్కుమంది. ఎవరి అటక మీదో దుమ్ములో పడున్న ఆ రికార్డును బయటికి తీసింది అతనే. ఊరంతా భుజం తడుతోంది.

"సాక్ష్యం ఏంటి?"

"రికార్డు పెట్టండి. చెవులు పనిచేస్తాయిగా?"

సూది గరగరమంది. దాన్సా, మా ఊళ్లో జంటలు నాట్యం చేసే పాత పాట, మొదలైంది. నెరెయిదా రికార్డుతో కలిసి ఊదసాగింది. వరస చివరి స్వరానికి ముందు, ఏ వాయిద్యగాడూ ఆగని చోట, ఆగి ఊపిరి తీసుకుంది. రికార్డులో మనిషీ సరిగ్గా అక్కడే ఆగాడు.

ఎలియెల్ మళ్లీ పెట్టాడు. మళ్లీ అక్కడే.

"అక్కడ ఆగడం తప్పు కదండీ?"

"తప్పే. బ్యాండు వీధిలో వెళ్తుంటే మా ముత్తవ్వ బాల్కనీలోకి వచ్చేదట. ఆవిణ్ణి చూడ్డానికి ఆగేవాడు. పెళ్లయ్యాకా ఆ అలవాటు పోలేదు. మా ఇంట్లో అందరికీ అలాగే నేర్పారు. బ్యాండులో రోజూ తిట్లు తింటున్నాను."

"రికార్డు చేసిన గదిలో బాల్కనీ లేదుగా?"

"ఆయనకి ఉంది లెండి," అంది ముక్కు ఎగరేసి.

ఎలియెల్ పాట ఆపి మైకు అందుకున్నాడు. "యౌకో వాళ్లూ, పొద్దున నేను తప్పు చెప్పాను. ఆ బాంబర్దీనో తిబుర్సియో అలిసేయాది. మన తిబుర్సియోది!"

వెంటనే ఫోన్ మోగింది. "మా నాన్న పేరు ఇంకోసారి చెప్పు బాబూ," అంది ముసలి గొంతు. "అన్నం తింటూ వింటాను."

ఆదివారం పలక మీద తిబుర్సియో పేరే మెరిసింది. బ్యాండు ఆ దాన్సానే ఎత్తుకుంది. ఆ చోటు రాగానే నెరెయిదా ఒక్కతే కాదు, బ్యాండంతా ఆగింది. ముందు వరసలో అమ్మమ్మ చేతికర్రను నేలకేసి కొట్టి, "అదీ మా నాన్న!" అని అరిచింది. మా అందరి ఛాతీలూ పొంగాయి.

నెరెయిదా మాత్రం బాకా మీంచి జనంలోకి చూసింది. సూటిగా ఎలియెల్ వైపు.

అయిపోగానే అతను పరుగెత్తుకొచ్చాడు. "అక్కడ మీరు... నన్నే చూశారా?"

"చూశారా ఏంటి? చూశావా అను," అంది నెరెయిదా. "నా బాల్కనీలో నిలబడినవాడివి, ఇంకా మీరేంటి?"